తెరుచుకోని సొరుగు

మూడు రోజులుగా ఆ సొరుగు మొండికేసి కూర్చుంది.

అదొక పాతకాలపు రాతపెట్టె. ప్రయాణాల్లో వెంట తీసుకెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని ఉత్తరాలు రాసుకునే రకం. మూత తెరిస్తే ఏటవాలు బల్ల అవుతుంది. పైన సిరాబుడ్డికి ఒక గది, కలాలకు ఒక గాడి, వాటి కింద రహస్య సొరుగు. సిరాబుడ్డి గది పక్కచెక్కను నొక్కితే లోపలి స్ప్రింగు వదిలి, సొరుగు దానంతటదే బయటికి రావాలి.

రావడం లేదు.

దాంతో కుస్తీ పడుతున్న ఆమె పని పాత పెట్టెలు బాగుచేయడమే. వీధిలో అందరూ పెట్టెలమ్మ అంటారు. మ్యూజియంవాళ్ళిచ్చిన ఈ పెట్టె సొరుగును చిన్న గీత కూడా పడకుండా తెరిస్తే, వాళ్ళ గోదాములో పడి ఉన్న పన్నెండు నగిషీ పెట్టెలూ ఆమె చేతికొస్తాయి. అలాంటి వాటి మీద చెయ్యి వేయాలని ఆమెకు ఏనాటినుంచో కోరిక. గడువు ఈ సాయంత్రం.

"నొక్కీ నొక్కీ బొటనవేలు వాచిపోయింది," అంది.

వెనక గదిలో భోషాణానికి పాలిష్ రుద్దుతున్న భర్త తలెత్తలేదు. "కాస్త బతిమాలి చూడరాదూ. నన్ను తిట్టినట్టు తిడుతుంటే అదెందుకు తెరుచుకుంటుంది?"

ఆమెకు నవ్వు రాలేదు సరికదా, ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన సంచి పట్టుకుని కొట్టు గుమ్మంలోకి వచ్చాడు.

"నాలుగింటి బస్సుకి ఇంకా టైముందమ్మా. కాసేపు కూర్చోవచ్చా?"

కూర్చోమంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టుంటే ఏ గొడవా ఉండేది కాదు. లేచి బల్ల దగ్గరికొచ్చాడు. అడగనైనా అడక్కుండా కలాల గాడిలో వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు.

"ముట్టుకోకండి బాబాయిగారూ."

వేలు తీశాడు గానీ చూపు తిప్పుకోలేదు.

"సొరుగు రావట్లేదా?"

"వస్తుంది."

"అలా నొక్కితే రాదమ్మా. లోపల స్ప్రింగు తిరగేసి బిగించారు."

ఆమె చేతిలో ఉన్న గుడ్డను బల్ల మీదికి విసిరేసింది. సిరాబుడ్డి తీసి, దాని గది అడుగు చూపించింది. అక్కడ పెన్సిలుతో గీసిన చిన్న ఆకు. పక్కనే నలభై ఏళ్ళనాటి తేదీ.

"ఇది చూశారా? ఆ స్ప్రింగు వేసినాయన గుర్తు. మా పనిలో వాళ్ళు పేరు రాయరు. ఎవరి కంటా పడనిచోట ఇలా ఒక గుర్తు పెట్టుకుంటారు. ఈ ఆకు ఇప్పటికి ఏడు పెట్టెల్లో చూశాను. నాకెవరూ పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పలేదు. ఆయన వేసిన అతుకులు విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. ఆయన ఎక్కడున్నాడో పదిహేనేళ్ళుగా కనపడ్డవాళ్ళందర్నీ అడుగుతున్నాను. అలాంటి మనిషి స్ప్రింగు తిరగేస్తాడా?"

ముసలాయన ఆ ఆకు వంక చాలాసేపు చూశాడు.

"ఎంతటివాడైనా తొందరలో తప్పు చేస్తాడమ్మా," అన్నాడు.

"మూసున్న సొరుగులో ఏముందో బయట నిలబడి మీరెలా చెప్తున్నారు?"

ఆయన నోరు తెరవబోయాడు. ఇంతలో ఫోను మోగింది. మ్యూజియం అధికారి.

"తెరిచారా అమ్మా? మీవల్ల కాదంటే చెప్పేయండి, వేరేవాళ్ళకిస్తాం."

"అయిపోవచ్చిందండీ. ఐదింటికల్లా ఇస్తాను."

ఫోను పెట్టి చూసేసరికి ముసలాయన రాతపెట్టెను రెండు చేతులా ఎత్తి బోర్లించబోతున్నాడు.

ఆమె లాక్కున్నంత పని చేసింది.

"పెద్దవారు కదా అని ఊరుకుంటుంటే మా గురువునే తప్పుపడతారు, పెట్టె మీదే చెయ్యేస్తారు. వెళ్ళి బస్టాండులో కూర్చోండి. అక్కడ బెంచీలున్నాయి."

ఆయన కోపగించుకోలేదు. సంచి తీసుకున్నాడు.

"ఉలి మాత్రం పెట్టకమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు వేసేసింది.

"ఎవరది?" అన్నాడు భర్త.

"ఎవరో పనిలేనాయన."

నాలుగున్నర దాకా నొక్కింది, ఊపింది, తట్టింది. ఆఖరికి ఉలి తీసింది. ఆయన వద్దన్నాడనే తీసిందేమో కూడా. రెండో దెబ్బకే పక్కచెక్క నిలువునా చీలి సొరుగు బయటికొచ్చింది. పన్నెండు పెట్టెలూ చేయి జారిపోయినట్టే.

ఆమెకు కోపంతో ఏడుపొచ్చింది. సొరుగు ఖాళీ. ఆ కోపంలోనే దాన్ని బల్ల మీద బోర్లా పడేసింది.

అడుగున మళ్ళీ ఆ ఆకు. ఈసారి దాని కింద నాలుగు వరుసల రాత కూడా ఉంది.

"ఏవండీ, ఇలా రండి. ఆయన చేతిరాత," అంది. చీలిన చెక్క సంగతి ఒక్క క్షణం మరిచిపోయింది.

భర్త వచ్చి పైకి చదివాడు.

"స్ప్రింగు తిరగేసి బిగించాను. విప్పి సరిచేద్దామంటే పెట్టెవారు తొందరపెడుతున్నారు. కొన్నేళ్ళకు బిగుసుకుంటుంది. అప్పుడు పెట్టెను బోర్లించి నొక్కాలి. తప్పు నాదే."

చదివి బుర్ర గోక్కున్నాడు. "బాగానే ఉంది. ఈ ముక్క లోపల రాసి మూసేస్తే బయటివాళ్ళకెలా తెలుస్తుంది?"

"తెలీదు," అందామె. "రాసినాయనకి తప్ప ఎవరికీ తెలీదు."

అనేసి గడియారం చూసింది. ఐదు కావస్తోంది. నాలుగింటి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

పదిహేనేళ్ళుగా వెతుకుతున్న గురువు తనంతట తానే నడిచొస్తే, గురువును తప్పుపట్టాడని ఆయన్నే బయటికి పంపి తలుపేసుకుంది.