గోడ అవతలి రేడియో

"యాప్ తీసేశావా?" రైల్లోంచి అడిగింది పూజిత.

"నువ్వు గుమ్మం ఎక్కేసరికి ఉండదన్నాను కదా!"

"అంటే ఇంకా ఉందన్నమాట. చూడు కల్యాణ్, అది ఉందంటే స్టేషన్ నుంచే వెనక్కి వెళ్లిపోతా. విజయనగరంలో రెండు నెలలున్నదాన్ని, ఇంకో రెండు నెలలు ఉండలేనా?"

"ఒట్టు. తీసేస్తా. ఎంతవరకు వచ్చావ్?"

"వరంగల్ వస్తోంది. రైలు గంట లేటు. తిన్నావా?"

"టీ తాగా," అని ఫోన్ కుడిచేతికి మార్చుకున్నాడు కల్యాణ్. పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగేస్తోంది. సెలవు వస్తే చాలు, ఆ విరిగిన కుర్చీకి అతుక్కుపోయేవాడికి లాగక ఏమవుతుంది!

గోడలకు చెవులుంటాయంటారు. మారేడ్‌పల్లిలో కల్యాణ్ అద్దెకున్న ఫ్లాట్‌లో గోడకి నోరు కూడా ఉంది. ఆ గోడ అవతలే పక్కింటి అప్పలలక్ష్మి మామ్మ మంచం. ఎనభై దాటాయి. క్రికెట్ అంటే పిచ్చి. మ్యాచ్ ఉన్న రోజు రేడియో చెవికి ఆనించుకుని కూర్చుంటుంది. ఫోర్ కొడితే "సెబాసు!" అంటుంది. వికెట్ పడితే "ఓలమ్మో, పోనాడు!" అని గుండెలు బాదుకుంటుంది.

కల్యాణ్‌ది ఓ కంపెనీలో అంకెలు చూసే ఉద్యోగం. మూడేళ్ల స్కోర్లు, పిచ్‌లు, ఆటగాళ్ల అలవాట్లు అన్నీ లెక్కగట్టి పందేలు కాశాడు. లెక్క ఘనంగానే ఉండేది, గెలుపే ఉండేది కాదు. ఓ రోజు ఒక సంగతి పట్టుకున్నాడు. మామ్మ కేకేసిన ఎనిమిది సెకన్లకి అతని ఫోన్‌లో వికెట్ పడుతోంది. రేడియో ముందు, ఫోన్ వెనక. ఆ ఎనిమిది సెకన్లూ యాప్‌లో పందెం రేట్లు కదలవు. అందరికంటే ముందు తెలిసినవాడిదే కదా బజారు!

అప్పట్నుంచీ మామ్మ కేకలన్నీ షీట్‌లో ఎక్కించాడు. మొత్తం రెండు వందల పన్నెండు. తప్పింది ఒక్కటే, అది వాచ్‌మన్ కామరాజు పోయిన రోజుది. ఆ రోజు మామ్మ "పోనాడు" అంది గానీ ఏ వికెట్టూ పడలేదు. కింద ఏడుపులూ జనమూ, ఆ గోలలో తానే సరిగా వినలేదనుకుని ఆ వరసకి ఎర్రరంగు పూసి పక్కనపెట్టాడు.

వింత ఏమిటంటే, ఆ ఎనిమిది సెకన్లు పెరుగుతూ వచ్చాయి. ముందు అరనిమిషమైంది. తర్వాత ఒక ఓవరు. కిందటి వారానికి ఐదు నిమిషాలు. ఏ రేడియో అయినా పడబోయే వికెట్‌ని ఐదు నిమిషాల ముందు ఎలా చెబుతుంది? ఈ ప్రశ్న తోచినప్పుడల్లా అతను షీట్ మూసేసేవాడు. వెంటనే రేట్లు చూసుకునేవాడు.

నిన్న మోండా మార్కెట్ నుంచి కూరల సంచీ మోసుకొస్తూ మామ్మ కూతురు లోవలక్ష్మి మెట్ల మీద ఎదురైంది.

"పూజితమ్మ రేపొచ్చీస్తందటగా! మాయమ్మ ఒకటే సంబరం."

"అవునక్కా. మామ్మని రేపు రేడియో సౌండ్ కాస్త పెంచమను, మ్యాచ్ ఉంది."

లోవలక్ష్మి సంచీ కింద పెట్టేసింది. "రేడియో ఏటి బాబూ? అది పాడైపోయి ఏడాదవతంది. బేటరీలు నానే తీసీసినాను. ఊరికే సెవి కాడెట్టుకుని కూకుంటాది."

"మరి స్కోరు ఎలా తెలుస్తోంది?"

"ఏ స్కోరు? ఏటమ్మా అనడిగితే 'ఇనపడతందే, నానేటి సెయ్యను' అంటాది. నాకు బయ్యమేసి అడగడం మానీసినాను."

కల్యాణ్‌కీ భయమేసింది. తాళం తీసుకుని లోపలికొచ్చాడు. కానీ ఆశ ముందు భయం ఎంతసేపని నిలబడుతుంది! షీట్ తెరిచాడు. రెండు వందల పన్నెండుకి రెండు వందల పదకొండు. ఎలా తెలుస్తోందో ఆ దేవుడికెరుక. లెక్క కుదిరింది, అంతే చాలు.

ఇవాళ ఒక్క పందెం. డబ్బు కోసం కూడా కాదు. జూదగాడివని ముఖం మీదే అని వెళ్లిపోయిన పూజితకి, ఇది జూదం కాదు లెక్క అని చూపించాలి. చూపించి, యాప్ తీసేసి, ఆమెతో మామూలుగా బతకాలి. ఆమె లేని ఈ ఇంట్లో అతనికి అన్నం సహించడం లేదు. అది మాత్రం నిజం.

పూజిత ఫోన్ పెట్టేసిన కాసేపటికే, ఒకటిన్నరకి మ్యాచ్ మొదలైంది. కల్యాణ్ గోడకి చెవి ఆనించాడు. అవతల రేడియో గరగర లేదు. ఇన్నాళ్లూ అది లేదన్న సంగతే తను గమనించలేదు.

ఓపెనర్‌గా దిగినవాడు ఇరవయ్యేళ్ల కొత్త కుర్రాడు. వస్తూనే రెండు ఫోర్లు బాదాడు. యాభై ఖాయమని యాప్‌లో అందరూ వాడి వైపే ఉన్నారు.

"ఓలమ్మో!" గోడ అవతల కేక. "పోనాడు! పోనాడే లోవా! ఎంత మంచి కుర్రోడే!"

కల్యాణ్ వేళ్లు పరుగెత్తాయి. కుర్రాడు వెంటనే ఔటవుతాడని ఉన్నదంతా కాసేశాడు. రేటు కదల్లేదు. లోకంలో ఇంకెవరికీ తెలియదు, తనకొక్కడికే తెలుసు.

ఒక నిమిషం గడిచింది. రెండు. కుర్రాడు మూడో ఫోర్ కొట్టాడు.

"కొట్టు నాయనా కొట్టు, ఇంకెంతసేపు!" అని నవ్వుతూ కల్యాణ్ ఎడమ భుజం నొక్కుకుని చెమట తుడుచుకున్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మూడు నిమిషాలు. నాలుగు.

అవతల మామ్మ ఏడుపు ఆపలేదు. ఏ వికెట్‌కీ ఆవిడ ఇంతసేపు ఏడవలేదు.

"ఎవులు పోనారే అమ్మా? ఎవులి కోసం ఏడుస్తన్నావు?" లోవలక్ష్మి అడుగుతోంది.

"ఆ పిల్ల రైలింకా కాజీపేటన్నా దాటనేదే!"