చప్పుడు లేని బండి

కొనుక్కునేవాడి కన్నా ఎత్తుకుపోయేవాడే బండిని జాగ్రత్తగా ఎంచుకోవాలని దేవేంద్ర నమ్మకం. కొన్నవాడు నచ్చకపోతే అమ్ముకుంటాడు. ఎత్తుకుపోయినవాడికి బండి సగం దారిలో ఆగిపోయిందంటే నేరుగా జైలే.

అందుకే ఆ సోమవారం మధ్యాహ్నం, తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్‌లో అతను ఏమాత్రం తొందరపడలేదు. ఇంతవరకు అతను దొంగిలించినవన్నీ పెట్రోలు బండ్లే. రెండుసార్లు దొరికిపోయింది కూడా వాటి మోత వల్లనే. ఈసారి చప్పుడు చేయని బండి కావాలి. అలాగని మామూలు స్కూటర్ పనికిరాదు. రేసు బండిలా దూకాలి. నగరి మీదుగా తమిళనాడు సరిహద్దు దాటిస్తే చాలు, తిరుత్తణిలో తీసుకునే మనిషి సిద్ధంగా ఉన్నాడు.

షోరూమ్‌లో మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళినట్టున్నారు. గీతాంజలి అనే అమ్మాయి ఒక్కతే ఉంది. మూడు బండ్లు చూపించి, వాటి మంచీ చెడ్డా దాచకుండా చెప్పింది. ఎర్రది అన్నిటికన్నా వేగం, కానీ ఆ వేగంతో పోతే ఛార్జింగ్ గబగబా దిగిపోతుంది. నీలంది చాలా దూరం వస్తుంది, మెరక ఎక్కేటప్పుడు మాత్రం నీరసపడుతుంది. నల్లది నిలుచున్న చోటినుంచే బాణంలా లేస్తుంది, నగరి దాకా పోయి వచ్చినా బ్యాటరీ ఇంకా మిగులుతుంది.

బండి ఎక్కడుందో షోరూమ్ వాళ్ళ ఫోన్లో కనపడుతుందా అని దేవేంద్ర మాటవరసకు అడిగినట్టు అడిగాడు. మామూలుగా కనపడుతుందని, జనం నడిపి చూడటానికి ఉంచిన ఈ నల్లదానికి మాత్రం ఇంకా ఆ కనెక్షన్ ఇవ్వలేదని ఆమె చెప్పింది.

దేవేంద్ర నల్లదాన్నే ఎంచుకున్నాడు.

అతను ఇచ్చిన లైసెన్సులో ఫోటో అతనిదే, పేరు మరెవరిదో. ఆమె కాపీ తీసుకుని తిరిగిచ్చేసింది. పేరు సరిగా చదివినట్టు కూడా లేదు. ఇవాళ్టికి కొంచెం దూరమే నడిపి చూడమంది. వచ్చాక ఎండలో ముందర పెట్టకుండా, వెనక సందులో ఉన్న షెడ్డులో ఛార్జింగ్‌కు పెట్టమంది. అతను అలాగే చేశాడు. షెడ్డులో కెమెరా లేదని గమనించి లోలోపల సంతోషపడ్డాడు.

ఊరు దాటి నడిపి చూస్తే గాని నమ్మకం కుదరదన్నాడు.

"రేపు నాకు సెలవు సార్. ఎల్లుండి నేరుగా ఈ షెడ్డు కాడికే రండి. నిండా ఛార్జింగ్ ఎక్కించి పెడతా," అంది గీతాంజలి. ఆ మాటల్లోనే, ఇదివరకు ఇక్కడ పనిచేసిన ఒకాయన ఇలాగే బండి ఇచ్చి, అది తిరిగి రాక ఉద్యోగం పోగొట్టుకున్నాడని, తన ఇంట్లో సంపాదించేది తనొక్కతేనని కూడా చెప్పింది. దేవేంద్ర బండి అద్దం తుడుస్తున్నట్టు తల దించుకున్నాడు.

బుధవారం ఆమె తాళం చేతికిచ్చి, హెల్మెట్ మర్చిపోవద్దని చెప్పి పంపింది.

ఊరు దాటగానే దేవేంద్ర బండిని దూకించాడు. చెవుల్లో గాలి తప్ప మరో శబ్దం లేదు. రోడ్డు పక్కన పడుకున్న కుక్క కూడా తల ఎత్తలేదు. తన బతుకులో ఇంత మంచి బండిని ముట్టుకోలేదు. వెనక ఎవరూ రావడం లేదని నిర్ధారించుకుని వడమాలపేటలో టీ కోసం ఆగాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"అన్నా, యాడి దాకా పోయినారు?" గీతాంజలి గొంతు.

"వడమాలపేటలో ఉండామ్మా. టీ తాగతా ఉండా."

"నిదానంగా రండన్నా. బండికేమన్నా అవుతుందని కాదు. మీకేమన్నా అవుతుందేమోనని."

దేవేంద్ర చేతిలోని టీ చల్లారిపోయింది. బండ్లు పోయినవాళ్ళు తనను తిట్టడం విన్నాడు, పోలీసుల దెబ్బలు తిన్నాడు. జాగ్రత్త అని చెప్పినవాళ్ళు మాత్రం లేరు. రేపు ఓనరు ముందు ఆ పిల్ల తల వంచుకుని నిలబడటం కళ్ళ ముందు కదిలింది. తిరుత్తణి మనిషికి ఫోన్ చేసి, బండి కుదరలేదని అబద్ధం చెప్పాడు. తర్వాత బండిని తిరుపతి వైపు తిప్పాడు. దొంగిలించిన వస్తువును తిరిగి ఇవ్వడానికి పోవడం అదే మొదటిసారి. మనసు తేలికైంది. బండి మీద చిన్న గీత కూడా పడకూడదన్నట్టు, రోడ్డుకు ఎడమ పక్కనే మెల్లగా నడిపాడు.

వడమాలపేట దాటీ దాటకముందే రోడ్డుకు అడ్డంగా పోలీసు జీపు కనిపించింది. ఎస్సై యోగానంద బండి నంబరు చూసి, ముందు తాళం లాక్కున్నాడు.

"నిన్న చిత్తూరులో నగల అంగడి దోచినోడు ఈ బండి మీదనే పోయినాడు. నంబరు కెమెరాలో పడిండాది," అన్నాడు.

దేవేంద్ర ఏమీ దాచలేదు. ఎత్తుకుపోదామనే వచ్చానని, మనసు మారి ఇచ్చేయడానికి పోతున్నానని, నిన్న మాత్రం ఈ బండి తన చేతిలో లేదని, షెడ్డులోనే ఉందని చెప్పాడు.

"గీతాంజలమ్మను అడగండి సార్. ఈ పొద్దే కదా నాకు తాళం ఇచ్చింది. ఆ యమ్మ అబద్ధం చెప్పదు."

ఎస్సై ఫోన్ కలిపి, అతనికి కూడా వినపడేలా పెట్టాడు. అవతల గీతాంజలి లైసెన్సులోని పేరు, మనిషి గుర్తులు వింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"ఆ మనిషే సార్. నడిపి చూస్తానని సోమవారం తీసుకుపోయినోడు మళ్ళా రానేలేదు, ఆ పొద్దు సాయంత్రమే మీ స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చినాను కదా."