ఇరవై మంది తల్లులు కావలెను

“ఏ రకం తల్లులు కావాలమ్మా?” అన్నాడు చలపతిరావు. “హీరోని కనే తల్లులా, హీరో కోసం ఏడ్చే తల్లులా, ఊరికే వెనకాల నిలబడే తల్లులా?”

“బస్తీలో ఉండే తల్లులండీ. ఇరవై మంది చాలు.”

ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల్ని సరఫరా చేసే చలపతిరావుకి ఇలాంటివి కొత్త కాదు. పెళ్ళి సీనుకి జనం, ధర్నా సీనుకి జనం, వరద సీనుకి జనం. నీళ్ళు సమయానికి రాకపోవచ్చు గానీ ఆయన జనం మాత్రం వచ్చేస్తారు. అయితే ఇప్పుడు అడుగుతున్నది ప్రొడక్షన్ మేనేజరు కాదు, ఎదురింటి శేషారత్నం గారు.

“ఏ సినిమాకమ్మా?”

“సినిమాకి కాదండీ, పరీక్షకి.”

నలభై నాలుగేళ్ళ వయసులో శేషారత్నం స్వచ్ఛంద సంస్థల నిర్వహణలో పీజీ డిప్లొమా చదువుతోంది. పీజీ అంటే ‘పిల్లలు గలావిడ’ అని తోటి విద్యార్థుల వేళాకోళం. రాత పరీక్షలన్నీ గట్టెక్కాయి, ఫీల్డు వర్కు మిగిలింది. ఒక బస్తీలో సేవా కేంద్రం పెట్టాలి. అక్కడి జనమే ముందుకొచ్చి దాన్ని నడుపుతున్నారని పరీక్షాధికారికి చూపించాలి. కిందటేడు కుట్టు కేంద్రం పెడితే మిషన్లు వచ్చాయి, కుట్టేవాళ్ళు రాలేదు. తప్పింది. ఈసారీ తప్పితే ఇక డిప్లొమా లేనట్టే.

ఈసారి రహమత్ నగర్‌లో ఒక గది తీసుకుని, పనికెళ్ళే తల్లుల పిల్లల కోసం బాలవాడి పెట్టింది. ఉయ్యాలలు కట్టింది, బొమ్మలు సర్దింది. కానీ ఎవరిని పిలుద్దామన్నా తలుపులకు తాళాలే. ఆడవాళ్ళంతా తెల్లారేసరికే జూబ్లీహిల్స్ బంగళాల్లో అంట్లు తోమడానికి వెళ్ళిపోతారు. చివరికి మూలమీద టీకొట్టు పోచయ్యకి మొరపెట్టుకుంది.

“ఆదివారం పొద్దున్నే ఏడింటికి మా సారొస్తారు. తల్లుల్ని రమ్మని చెప్పవా పోచయ్యా?”

“చెప్త గని, ఆళ్ళకు తీరికేడిదమ్మా,” అన్నాడు పోచయ్య టీ వడబోస్తూ.

దాంతో ఆవిడ ఆశ కూడా వడబోసినట్టయింది. పిప్పి మిగిలింది. స్వచ్ఛందంగా ఎవరూ రారని తేలాక, సీనియర్ విద్యార్థినికి జూనియర్ ఆర్టిస్టులే దిక్కయ్యారు.

“తప్పేమో అనిపిస్తోందండీ,” అంది శేషారత్నం.

“తప్పకుండా ఉండటానికి చేసే తప్పు తప్పు కాదమ్మా. ఏడింటికల్లా మా వ్యాను మలుపులో దింపేస్తుంది. మీరు నిశ్చింతగా పడుకోండి.”

ఆదివారం ఏడింటికి మలుపు తిరిగి నడిచొచ్చినవాళ్ళు ముప్పై మందికి పైనే. ఎక్స్‌ట్రాల్ని అడిగితే చలపతిరావు ఎక్స్‌ట్రాగానే పంపాడు. వెలిసిన చీరలు, చంకల్లో పిల్లలు. కాస్ట్యూమ్స్ వాడికి కూడా దండం పెట్టాలనుకుంది శేషారత్నం.

“చెప్పాల్సిందంతా చెప్పారా మీకు?” అని ముందు నడిచే ఆవిడ చెవిలో గొణిగింది.

“అంత చెప్పిండక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు.”

యాస కూడా నేర్పి పంపాడే మహానుభావుడు, అని మురిసిపోయేలోగా కాశీవిశ్వనాథం గారి స్కూటరు ఆగింది. పరీక్షకి వచ్చిన ఆ పెద్దమనిషి ఉయ్యాల తాడు దగ్గర్నుంచి కిటికీ ఊచ దాకా పరీక్షగా చూశారు. ఈలోపు చీపురు పట్టుకున్న ఆవిడ ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చేసింది.

“గట్ల గుమ్మంల నిలవడితే ఎట్ల సారూ? పక్కకు జరుగు. జర గా చాప అందుకో.”

సారు చాప అందుకున్నారు. శేషారత్నం గుండె జారి ఆ చాప మీదే పడింది. ఓవర్ యాక్షన్ వద్దని సైగ చేసింది. ఒక్కరూ ఇటు చూడలేదు.

“రోజూ పిల్లల్ని ఎవరు చూసుకుంటారమ్మా?” అడిగారు సారు.

“మేమే,” అంది చీపురావిడ. “వంతులేస్కున్నం. సోమారం నేను, మంగళారం మా తోటికోడలు.”

చుట్టరికాలు కూడా కలిపేసుకున్నారు, అనుకుంది శేషారత్నం.

“మరి మీ పనులో?”

“ఇయ్యాల నాగా వెట్టే వచ్చినం. బంగ్లల అమ్మగారు తిడ్తది. తిట్టనియ్యి. ఇన్నొద్దులు నా పోరిని తాడుతోని మంచానికి గట్టి పనికి వోయిన సారూ. ఇగ గట్టను.”

కాశీవిశ్వనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శేషారత్నానికీ కళ్ళు చెమర్చాయి. ఇంత ప్రతిభ పెట్టుకుని ఈ మనిషి ఇన్నాళ్ళూ వెనక వరసలో నిలబడటమేమిటి, అన్యాయం కాకపోతే.

“మేం పాఠం చెప్తాం. మీరు పాటించి చూపించారు,” అన్నారు సారు. “పాసయ్యారమ్మా. నా సర్వీసులో ఇలాంటి కేంద్రం చూళ్ళేదు.”

ఆయన స్కూటరు స్టార్టు చేస్తుండగా చీపురావిడ అరుగు మీంచి కేకేసింది.

“రేపు గూడ ఏడింటికే తీస్తవ్ గద అక్కా?”

సారుకి వినపడాలనే అడిగిందని గ్రహించి, “తప్పకుండా తీస్తానమ్మా,” అంది శేషారత్నం అంతకంటే గట్టిగా.

సాయంత్రం లడ్డూల డబ్బాతో రోడ్డు దాటింది. చలపతిరావు ఆవిణ్ణి చూసి కుర్చీలోంచి లేచి ఏదో అనబోయాడు.

“ముందు నోరు తెరవండి,” అని లడ్డూ కుక్కేసింది. “పాసయ్యాను. మీవాళ్ళు నటించలేదండీ, జీవించేశారు. మా సారు ఏడ్చేశారంటే నమ్ముతారా?”

చలపతిరావు లడ్డూ మింగడానికి కాస్త అవస్థపడి, మంచినీళ్ళు తాగి, ఆవిడ వంక అయోమయంగా చూశాడు.

“ఎవరమ్మా ఏడిపించింది? షూటింగు తెమలక మా వ్యాను ఇప్పటిదాకా స్టూడియోలోనే ఉండిపోయింది. మీ ముందుకు ఏ మొహంతో రావాలా అని పొద్దుట్నుంచీ మథనపడుతున్నాను.”

“అదేంటండీ, మరి వాళ్ళూ?”

“నేనెవర్నీ పంపలేదమ్మా.”