నలభై ఒకటో సిపాయి

ఆ పాత యుద్ధం సినిమా క్యాసెట్టు లోకంలో నా ఒక్కడి దగ్గరే ఉంది. బెంగళూరు నుంచి కూడా అడుగుతారు, ఇవ్వను. అందులో యుద్ధంలో చచ్చిన నలభై ఒక్కమంది సిపాయిలు తమ ఇళ్లకు వచ్చి, తెల్లవారేలోపు వంతెన దాటి వెళ్లిపోతారు. చివరివాడిగా నటించింది ఎంకపల్లి అరుణమ్మ కొడుకు హన్మంతు. ఒక్క మాట కూడా లేని వేషం. నిరుడు బండి ప్రమాదంలో నిజంగానే పోయాడు.

"ఆ పొద్దు పోయొస్త అనకుండనే పోయిండు, భూపాల్." అరుణమ్మకు అదే బాధ.

అందుకే ఆ రాత్రి మొయినాబాద్‌లోని నా గదిలో ఆమెకు సినిమా వేశాను. కొత్త చీర కట్టుకుని, గారెలు చేసుకుని వచ్చింది. కొడుకు పెట్టుడు మీసం చూసి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

వంతెన దగ్గర హన్మంతు ఆగి, మా వైపు తిరిగాడు.

"పోయొస్త అవ్వా."

నేను వందసార్లు చూసిన సినిమా అది. ఆ మాట అందులో లేదు.

"జల్ది రా బిడ్డా," అంది అరుణమ్మ సంబరంగా.

క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. వంతెన మీద నలభైమందే ఉన్నారు.

బయట గేటు గొళ్లెం చప్పుడైంది. అరుణమ్మ గారెల డబ్బా మూత తీసింది.

"ఇంకో ప్లేటు తే, భూపాల్. ఆకలికి ఆగడు వాడు."