ఆ కూత ఎంత దూరం?

అడవి టర్కీ కోళ్ల వేట సీజనుకు అది ఆఖరి రోజు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మళ్లీ వచ్చే వసంతం దాకా తుపాకి గోడకే.

తమ్ముడు డెల్మర్ అప్పటికే రెండు పుంజుల్ని కొట్టాడు. అన్న హోలిస్ మాత్రం మూడేళ్లుగా ఉత్త చేతులతోనే ఇంటికి వస్తున్నాడు. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తని బంధువు లేడు. ఇవాళ కూడా ఖాళీగా వెళితే నలుగురిలో తలెత్తుకోలేనని అతని బెంగ.

తెల్లవారుతూనే ట్రక్కు దగ్గర అన్నదమ్ములు విడిపోయారు. ఏటి పక్క డెల్మర్‌ది, కొండవాలు హోలిస్‌ది. ఒకరి వైపు ఇంకొకరు రాకూడదు. ఓజార్క్ కొండల్లో కలిసి వేటకు వెళ్లేవాళ్లంతా పెట్టుకునే ఒప్పందమే అది.

తొమ్మిదింటికి వాలు మీద నుంచి పుంజు కూత వినబడింది, గుడగుడమంటూ ఒకే దమ్ములో.

హోలిస్ అటు అడుగు వేశాడో లేదో, దారి పక్క దుంగ మీద కూర్చున్న ఓ ముసలాయన అతన్ని ఆపాడు. నెత్తిన కమలాపండు రంగు టోపీ ఉంది. చేతిలో తుపాకి లేదు. టర్కీ వేటకు అలాంటి టోపీ పెట్టుకుని వచ్చేవాణ్ణి హోలిస్ ఎన్నడూ చూడలేదు. ఆ రంగు కంటబడితే చాలు, పుంజు చుట్టుపక్కల ఉండదు.

“ఎంత దూరం అనుకుంటున్నావు బాబూ?” అని ముసలాయన అడిగాడు.

మూడొందల అంగలుంటుందని హోలిస్ చెప్పాడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మే నెల వచ్చింది, చెట్ల నిండా ఆకు, సగం కూతను ఆకే మింగేస్తుంది, నూట యాభై అంగలు కూడా ఉండదన్నాడు.

“అదీకాక అది పుంజు కాదు. నువ్వు వచ్చేలోపే ఐదుసార్లు విన్నాను, ఐదుసార్లూ ఒక్కలాగే ఉంది. పుంజయితే తల అటూ ఇటూ తిప్పుతుంది కదా. ఓసారి పక్కనే ఉన్నట్టుంటుంది, ఓసారి కొండవతల ఉన్నట్టుంటుంది. అక్కడెవడో వేటగాడు కూర్చుని పుంజులా కూసే గొట్టం ఊదుతున్నాడు. వెళ్లకు.”

హోలిస్‌కు నవ్వొచ్చింది. పుంజు ఎక్కడ కూసిందో ఆ కొండల్లో కన్నతండ్రి కూడా నిజం చెప్పడు. దగ్గరుంటే దూరమంటాడు, తూర్పునుంటే పడమరంటాడు. చర్చిలో ప్రసంగం చేసే పాస్టరు సైతం ఈ ఒక్క అబద్ధానికి వెనకాడడు. ముసలాయన తుపాకి ఏ పొద చాటునో దాచి ఉంటాడు, పుంజును తనే కొట్టాలనుకుంటున్నాడు, అంతే.

“ఇంతకన్నా మంచి అబద్ధాలు మా ఇంట్లో చంటిపిల్లలు చెబుతారు తాతా,” అన్నాడు.

ముసలాయనకు కోపం రాలేదు. టోపీ తీసి హోలిస్ చేతిలో పెట్టాడు. వెళ్లక తప్పదనుకుంటే ఇది పెట్టుకుని వెళ్లు, ఈ రంగు చూస్తే మనిషి వస్తున్నాడని తెలిసి అక్కడివాడు పలుకుతాడు అని బతిమాలాడు.

వదిలించుకోవడానికి హోలిస్ సరేనన్నాడు. మలుపు తిరగ్గానే టోపీని పొదలోకి విసిరేశాడు.

వెనక నుంచి ముసలాయన కేక వినబడింది. పైన ఎవరున్నా కూత ఆపమంటున్నాడు. పుంజును బెదరగొట్టడానికే ఈ ఎత్తు అనుకుని హోలిస్ పళ్లు నూరాడు. ఎదురుగాలికి ఆ కేక పైదాకా పోలేదు. కూత మళ్లీ వినబడింది.

ముసలాయన అడ్డదారిన ఆయాసపడుతూ ఎక్కడం హోలిస్ చూడలేదు. చూసినా, పోటీకి వస్తున్నాడనే అనుకునేవాడు.

వంగి, ఆగి, కొంతదూరం పాకి అతను పైకి చేరాడు. నలభై అంగల దూరంలో ఆకుల సందున తెల్లగా ఓ తల కదిలింది. దాని కింద ఎర్రగా ఉంది. వసంతంలో టర్కీ పుంజు తల అలాగే ఉంటుంది.

హోలిస్ తుపాకి పేల్చాడు.

“కాల్చకండి, ఇక్కడ మనుషులున్నాం” అని ఎవరో అరిచారు. ఆ గొంతు తమ్ముడిది. హోలిస్ తుపాకి పడేసి అటు పరుగెత్తాడు.

డెల్మర్ చెట్టు మొదట్లో వెల్లకిలా పడి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. అతని మీద ముసలాయన పడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, మెడకు ఎర్ర రుమాలు.

ఓ పుంజు వెంటబడి ఏటి పక్క నుంచి ఇటు దాటి వచ్చానని, పెట్టలా ఎంత పిలిచినా అది రాకపోతే గొట్టం తీసి పుంజులా కూశానని డెల్మర్ ఏడుస్తూ చెప్పాడు.

“ఈయన వచ్చి గొట్టం లాగేశాడన్నా. ఎవడో వస్తున్నాడు, తల దించమన్నాడు. నన్ను కిందికి తోసి నాకు అడ్డంగా వచ్చాడు.”

ముసలాయన ఎంతోసేపు బతకలేదు. నీకేమీ తగల్లేదు కదా అని డెల్మర్‌ని అడిగాడు. లేదన్నాక కళ్లు మూశాడు.

కబురందుకుని అటవీ అధికారి వచ్చాడు. శవం మీద కోటు కప్పబోయి, మొహం చూసి పోల్చుకున్నాడు. పేరు ఎమెట్ అన్నాడు. సీజనున్నన్నాళ్లూ ఈ వాలుకు రోజూ వస్తాడట. కూత వినబడ్డప్పుడల్లా ఎంత దూరమో అనుకుని, అంగలు లెక్కపెడుతూ వెళ్లి సరిచూసుకుంటాడట. కూతను బట్టి దూరం అంత కచ్చితంగా చెప్పగలిగేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడన్నాడు.

అంత విద్య ఎక్కడ నేర్చాడని హోలిస్ అడిగాడు. ఏదో ఒకటి అడగకపోతే గుండె పగిలేలా ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట ఇదే కొండమీద, పుంజు కూతనుకుని సొంత తమ్ముణ్ణి కాల్చి చంపుకున్నాక నేర్చుకున్నాడని అధికారి చెప్పాడు.