సాక్షి కానిది

కూతురు మాహమ్ స్కూలు బ్యాగు అడుగున ఒక జత బట్టలు పెట్టాలి. ఇఫ్తిఖార్ కోటు జేబులోంచి రెండు పాస్‌పోర్టులూ తీయాలి. పెళ్ళిలో అతను మహర్ కానుకగా ఇచ్చిన గాజులు అల్మరాలోనే వదిలెయ్యాలి. పొద్దున్నే పిల్లను స్కూల్లో దింపడానికని బయల్దేరి, బెర్గెన్ బస్సెక్కాలి.

అన్నిటికంటే ముందు, ఇది పాపమో కాదో తెలుసుకోవాలి.

ఈ ఒక్కటే సఫూరా కాళ్ళకు అడ్డంపడుతోంది. మొగుడి దెబ్బలకు ఒళ్ళు హూనమైపోతోంది. అయినా, చెప్పకుండా గడప దాటితే రేపు అల్లాకు ఏం జవాబు చెప్పాలన్నదే ఆమెకు పెద్ద భయం.

ఆ ఓస్లో అపార్ట్‌మెంట్లో భర్తను అడక్కుండా ఆమె వెళ్ళగలిగే చోటు ఒక్కటే. అందరూ బట్టలుతుక్కునే కింది గది. పై అంతస్తు ఫర్ఖందాకు అక్కడే సంగతి చెప్పుకుంది.

"ఇమాంగారినే అడుగు. ఫత్వా కోసం చెప్పుకుంటే అది చాడీ కాదులే."

"ఆయన మా ఆయనకు స్వయానా అన్న, ఆపా. ఏ మొహం పెట్టుకుని అడగను?"

నిజానికి ఇమాంగారి గది తలుపు ఏ ఆడమనిషీ తట్టి ఎరగదు.

"అయితే మసీదు వెబ్‌సైట్లో ప్రశ్నలకు జవాబు చెప్పే మిషన్ ఉందిగా. పేరు కూడా అడగదు. కాస్త నిదానం. నమాజు వేళల్లో అసలు పలకదు. మనకంటే దానికే భక్తి ఎక్కువని మా ఆయన ఎగతాళి."

సఫూరా తటపటాయించింది. ఆత్మ లేనిదాని చేతికి ధర్మసందేహాలు అప్పగించకండి, దానికి ప్రళయదినాన లెక్క చెప్పుకోవలసిన భయం లేదు అని ఇమాంగారు ప్రతి శుక్రవారం హెచ్చరిస్తారు. అంతటి మనిషి మసీదులోకి మిషన్‌ని ఎలా రానిచ్చారో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఆత్మ లేకపోవడమే మంచిదిలే, ఆపా," అంది చివరికి. "విన్నా ఎవరికీ చెప్పదు. రేపు నా మీద సాక్ష్యానికీ రాదు."

మర్నాడు బట్టల బుట్టలో దాచి కిందికి తెచ్చిన మాహమ్ స్కూలు టాబ్లెట్‌లో అంతా టైపు చేసింది. దెబ్బలు, పాస్‌పోర్టులు, బస్సు, బావగారిని అడగలేని ఇబ్బంది. పేరు మాత్రం రాయలేదు.

తెర మీద మూడు చుక్కలు కదులుతున్నాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఇంకా ఎంతసేపు?" పైనుంచి ఇఫ్తిఖార్ గొంతు.

"ఆరుతున్నాయండీ."

చప్పుడు వెనక్కి మళ్ళేదాకా ఆమె మెట్లవైపే చూసింది. తల దించేసరికి జవాబు వచ్చి ఉంది.

"ప్రాణభయంతో ఇల్లు విడిచిన స్త్రీకి పాపం అంటదు. విడాకులు కోరే హక్కు ఆమెకు ఉంది."

సఫూరా కళ్ళు తుడుచుకుంది. టాబ్లెట్ మూయబోతుంటే చుక్కలు మళ్ళీ కదిలాయి. ఇంకొక్క వాక్యం వచ్చింది.

"ప్రయాణంలో చేసే దువాను అల్లా తోసిపుచ్చడు, దారిలో ఈ చేతగాని బావగారిని కూడా గుర్తుంచుకో సఫూరా."