జాబితాలో లేని మాట

పుణే హాస్టల్ గదిలో కేతకి రేపటి సర్టిఫికేషన్ పరీక్షకి జావా కీవర్డుల జాబితాని, ఆ కంప్యూటర్ భాష తనకే అట్టేపెట్టుకున్న మాటలని, వరసగా వల్లె వేస్తోంది. ఒకప్పుడు తనని అక్కా అని పిలిచే రూమ్మేట్ మధురతో వంతులేసుకుని చెప్పేది, తానొకటి, మధుర ఒకటి. ఒక్క మార్కుతో ఇదే పరీక్ష తప్పి, ఉద్యోగం ఊడి, ఇంటికి తిరిగి వెళ్తుంటే ఘాట్‌లో బస్సు లోయలో పడి మధుర పోయింది. ఆ ఉద్యోగం కేతకికి దక్కింది.

"ఇంట్," అంది కేతకి.

"ఇంటర్‌ఫేస్," అంది మధుర పడుకునే ఖాళీ మంచం.

కేతకి తల తిప్పి చూసింది, మంచం మీద ఎవరూ లేరు. నోరు మాత్రం ఆగలేదు. "లాంగ్."

"మెయిన్."

"అది కీవర్డు కాదే, మొద్దూ!" పాత అలవాటున అనేసి నాలిక కరుచుకుంది.

మంచం కిర్రుమంది. ఎవరో లేచి కూర్చున్నారు.

"కాదా? మరి పరీక్ష ముందురోజు ఔనని నాకు ఒట్టేసి ఎందుకు చెప్పావక్కా?"